స్వరూప గొంతు

అది 2023, ఫిబ్రవరి నెల. జగిత్యాలలో ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో మా ట్రస్ట్ ఆఫీసు ఉండేది. ప్రైవేటు బడుల్లో చదివే ఆడపిల్లలకు ఫీజు సాయం చేసే చిన్న ట్రస్ట్ మాది. దరఖాస్తుల్లో ఎక్కువ భాగం కోరుట్లలోని ఒక బాలికల హైస్కూలు నుంచే వచ్చేవి. నా పని వెరిఫికేషన్, అంటే కాగితం మీద రాసింది నిజమో కాదో చూసి రావడం. మాది సిరిసిల్ల. పెళ్లయ్యాక జగిత్యాల వచ్చాను. అప్పటికి ఈ పనిలో తొమ్మిదేళ్లు గడిచాయి.

ఒకసారి సాయం మంజూరైన పిల్లకు ప్రతి ఏడూ రిన్యువల్ ఉంటుంది, అంటే సాయం కొనసాగించమని మళ్లీ ఫారం నింపాలి. దానితో పాటు బడి నుంచి బోనఫైడ్ కావాలి, ఈ పిల్ల మా దగ్గరే చదువుతోందని హెడ్‌మాస్టర్ ఇచ్చే కాగితం అది. తర్వాత తల్లికో తండ్రికో మేం ఫోన్ చేస్తాం. ఆ తర్వాత హోమ్ విజిట్. పాత పిల్లల విషయంలో ఇల్లు చూసి రావడం చాలాసార్లు ఎగ్గొట్టేవాళ్లం. ఫోన్‌లో తల్లి పలికితే చాలు, రిజిస్టర్‌లో 'తల్లితో మాట్లాడాను' అని రాసి, తేదీ, టైము వేసి పక్కన పెట్టేవాళ్లం.

అఖిల ఫైల్ కూడా అలాగే పక్కకు పోవాల్సింది. ఎనిమిదో తరగతి పిల్ల. ఊరు మల్లాపూర్ దారిలో, కోరుట్ల నుంచి ఆటోలో అరగంట. తండ్రి మస్కట్ వెళ్లాడు. తల్లి స్వరూప బీడీలు చుడుతుంది. ఆరో తరగతిలో పిల్లను చేర్పించినప్పుడు కోరుట్ల బడిలో స్వరూపను ఒకసారి కలిశాను. సన్నటి మనిషి. గొంతు మాత్రం బొంగురుగా ఉండేది, తంబాకు పొడి మధ్య కూర్చునే వాళ్లలో చాలామందికి ఉండే గొంతు. మాట మొదలుపెట్టే ముందు ఒకసారి గొంతు సవరించుకునేది. అలాంటి గొంతు ఒకసారి వింటే మరిచిపోం.

ఆ ఏడు మొదటిసారి ఒక సాయంత్రం ఫోన్ చేశాను. గొంతు సవరించుకున్న చప్పుడు, తర్వాత అదే బొంగురు గొంతు.

"ఆఁ, చెప్పున్రి మేడం."

"స్వరూపా, అఖిల రిన్యువల్ కోసం చేసిన. ఎట్ల చదువుతుంది బిడ్డ?"

"మంచిగనే చదువుతుంది మేడం. ఈ ఒక్కటి ఆపకున్రి. బడి ఆగితే పిల్ల ఆగమైతది."

ఆ ఏడు తొమ్మిదిలోకి వెళ్లే పిల్లలందరి ఇళ్లకూ వెళ్లి రావాల్సిందేనని మా సెక్రటరీ సార్ పట్టుబట్టారు. ఆయన రిటైర్డ్ హెడ్‌మాస్టర్, కాగితం విషయంలో చాలా గట్టి మనిషి. అందుకని ఎప్పుడు రావచ్చో కనుక్కోవడానికి ఒక బుధవారం ఉదయం పదకొండు దాటాక స్వరూపకు మళ్లీ ఫోన్ చేశాను.

"బిడ్డ పరీక్షకు వోయింది మేడం. ఐతారం రాన్రి, ఇంటికాడనే ఉంట" అన్నది ఆ గొంతు. రిజిస్టర్‌లో ఎప్పటిలాగే రాసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఊళ్లో దిగాను. పసుపు తవ్వే రోజులు. ఊరి బయట పసుపు ఉడకబెడుతున్న వాసన గాలికి వచ్చి ముఖాన కొడుతోంది. జనమంతా చేన్లలో ఉన్నట్టున్నారు, వాడలో ఒక్క మనిషీ ఎదురుపడలేదు. ఎక్కడో ఒక కుట్టుమిషన్ ఆగి ఆగి తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. ఫారంలో రాసిన ఇంటి నంబరు వెతుక్కుంటూ వెళ్లాను. పెంకుటిల్లు, రెండు గదులు. తలుపు ఓరగా వేసి ఉంది.

తలుపు తట్టబోతుంటే లోపలి నుంచి స్వరూప గొంతు వినిపించింది.

"తినే అవ్వా, ఇంకొక్క ముద్ద. నేను మల్ల కార్ఖానకు పోవాలె. నువ్వు తినకుంటె నేనెట్ల పోత?"

తల్లికి అన్నం తినిపిస్తోంది కాబోలు అనుకుని, "స్వరూపా" అని పిలిచాను.

గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత తలుపు తెరుచుకుంది. అఖిల. బడి స్కర్టు మీద ఒక పాత చీరను భుజం చుట్టూ కప్పుకుని ఉంది. చేతికి అన్నం అంటి ఉంది.

"నమస్తే మేడం" అంది, సన్నటి చిన్నపిల్ల గొంతుతో. "అమ్మ లేదు. బయటికి వోయింది."

"ఇప్పుడే మాట్లాడింది కదా బిడ్డా?"

పిల్ల తలుపు పక్కకు జరిగింది. నేను లోపలికి వెళ్లాను. ముందు గదిలో మంచం మీద ముసలామె కూర్చుని ఉంది, కళ్లు తెల్లగా పొర కప్పి ఉన్నాయి. ముందు కంచం. వెనక గదిలోకి తొంగి చూశాను. పొయ్యి, రెండు డబ్బాలు, మడతపెట్టిన చాప. ఆ గదికి ఇంకో తలుపు లేదు. కిటికీకి ఊచలు. ముందు గది గోడకు ఒక ఫోటో ఫ్రేము వేలాడుతోంది, బొమ్మ గోడవైపు తిప్పి ఉంది. ఇటువైపు కనిపించేది వెనక అట్ట మాత్రమే.

"ఎవలొచ్చిన్రు స్వరూపా?" అంది ముసలామె. ఆమె ముఖం అఖిల నిలబడ్డ వైపే ఉంది. "బడి మేడమా? చాయ్ వెట్టు."

అఖిల నావైపు చూసింది. ఆ చూపులో భయముంది, బతిమాలుకోవడం కూడా ఉంది. తర్వాత తల వంచుకుని ఒకసారి గొంతు సవరించుకుంది.

"పెడుతున్ననే అవ్వా" అంది.

నా కళ్లముందే, పదమూడేళ్ల పిల్ల నోట్లోంచి స్వరూప గొంతు వచ్చింది. అదే బొంగురు, అదే సాగదీత. ఏదో చెప్పి బయటికి వచ్చేశాను. నిజం చెప్పాలంటే, పారిపోయి వచ్చాను.

పక్కింటి అరుగు మీద కుట్టుమిషన్ ముందు ఒకామె కూర్చుని ఉంది, పేరు జరీనా. ఊళ్లో ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. నన్ను చూడగానే మిషన్ ఆపి, మంచినీళ్లు ఇచ్చింది.

"మీరు కూడ విన్నరా మేడం?" అని అడిగింది.

"స్వరూప ఏది?"

"స్వరూప ఏడుంది మేడం! పోయినేడు బోనాలప్పుడే సచ్చిపాయె. ఊపిరి కరాబైంది. కరీంనగర్ దాక తీస్కపోయిన్రు, లాభం లేకపాయె." కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పింది. "మొదట్ల నేను గూడ దడుసుకున్న. పొద్దుగూకంగ గోడ అవతల స్వరూప మాట్లాడుతుంటది. రెండ్రోజులు దువా సదువుకుంట కూసున్న. మూడోరోజు ధైర్యం జేసి పోయి చూస్తే పిల్ల."

ముసలామె పేరు నర్సవ్వ. స్వరూప తల్లి. చూపు పోయి చాలాకాలమైంది, తర్వాత యాది కూడా పోవడం మొదలైంది. కూతురు చనిపోయిందని ఎన్నిసార్లు చెప్పినా నిలవదు.

"చెప్పినప్పుడల్ల గప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుంటది మేడం. తెల్లారేసరికి మర్చిపోతది. మల్ల 'స్వరూప ఏది, అన్నం వెడితేనే తింట' అంటది. రోజూ ఒక్కసారి సావు కబురు చెప్పాల్నాయె. పిల్ల ఎన్నిసార్లు చెప్తది? ఒకనాడు తల్లి లెక్క మాట్లాడింది. ముసల్ది నిమ్మలంగ తిని పండుకుంది. ఇగ గట్లనే నడుస్తుంది."

మస్కట్‌లో ఉన్న తండ్రి నంబరు మూడేళ్లుగా కలవడం లేదట. సిరిసిల్లలో మేనమామ ఉన్నాడు, స్వరూప తమ్ముడు రాజేశం. నెలనెలా బియ్యానికి పంపుతాడు. ఎండాకాలం వచ్చి, పిల్లను బడి మాన్పించి తన దగ్గరికి తీసుకెళ్తానని, నర్సవ్వను ఏదైనా ఆశ్రమంలో పెడతానని అంటున్నాడట.

ఆ మధ్యాహ్నం అఖిల, నేను జరీనా అరుగు మీద కూర్చున్నాం. పిల్ల భుజాల మీది చీర తీసేసి వచ్చింది.

"నన్ను పోలీసులకు పట్టిస్తరా మేడం?" అదే ఆమె మొదటి మాట.

"ఫోన్ల గట్ల ఎందుకు మాట్లాడినవ్ బిడ్డా?"

"ముందుగాల నేను అనుకోలేదు మేడం. అమ్మమ్మకు తినిపిస్తున్న. ఫోన్ మోగింది. 'లేపు స్వరూపా' అన్నది అమ్మమ్మ. అమ్మ గొంతుతోనే లేపిన. మీరు స్వరూపా అన్నరు. ఇగ ఏం జెప్పాల్నో తెల్వలె."

"మరి ఫారం మీద మీ అమ్మ సంతకం?"

"ఫారంల తల్లి సంతకం లేకుంటె తండ్రి సంతకం అని ఉంది. ఇద్దరు లేకుంటె ఎవరు పెట్టాలె?" నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "అమ్మ బీడీ కార్డు మీదిది చూసి నేర్చుకున్న."

గురుకులంలో చేరొచ్చు కదా, అక్కడ ఫీజు ఉండదు అన్నాను. "ఆడ హాస్టల్ల ఉండాలె కదా మేడం. అమ్మమ్మకు ఎవరు తినిపిస్తరు?" అంది. బడి వ్యాన్ అయితే సాయంత్రం ఇంటి ముందు దింపుతుంది. పగటిపూట జరీనా చూసుకుంటుంది.

గోడకు తిప్పి పెట్టిన ఫోటో ఎవరిదని అడిగాను. "అమ్మదే" అంది. "అమ్మ లెక్క మాట్లాడేటప్పుడు అమ్మ నన్నే చూస్తున్నట్టుంటది. భయమైతది."

లేచేముందు, బుధవారం ఫోన్‌లో ఆదివారం రమ్మన్నది కూడా నువ్వే కదా అన్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"బుధారం పరీక్షుండె మేడం. నేను బడిల ఉన్న. ఫోన్ ఇంట్లనే ఉండె."

నేను జరీనా వైపు చూశాను. తాను తీయలేదంది. ఆ ఉదయం ఆమె గుడ్డ కోసం కోరుట్ల వెళ్లింది. లోపలికి వెళ్లి నర్సవ్వ పక్కన కూర్చుని, బుధవారం ఫోన్ ఎవరు ఎత్తారని అడిగాను.

"ఎవలు లేపుతరు, స్వరూపనే లేపింది" అంది ముసలామె, ఇందులో అడగడానికేముందన్నట్టు.

సోమవారం బడికి వెళ్లి హాజరు చూశాను. బుధవారం అఖిల పరీక్ష హాల్లోనే ఉంది, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా. తల్లీకూతుళ్ల గొంతులు ఒకేలా ఉండటం మనం చూసేదే. నర్సవ్వ కూడా ఒకప్పుడు బీడీలు చుట్టిన మనిషే. చేతికందిన ఫోన్ బటన్ నొక్కి, తానే కూతురినన్న భ్రమలో ఆ నాలుగు మాటలు చెప్పి ఉంటుంది. నేను అలాగే నమ్ముతాను. కాకపోతే చూపులేని, నిన్నటి సంగతి గుర్తులేని మనిషికి ఆ రోజు పిల్ల పరీక్షకు వెళ్లిందని, ఆదివారం ఇంకా రాలేదని ఎలా తెలుసో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

మా సెక్రటరీ సార్ ముందు రిపోర్టు పెట్టేటప్పుడు ఒక ఆలోచన వచ్చింది. 'తల్లి ఇంట్లో లేదు' అని రాస్తే అబద్ధం కాదు, ఈ ఏడు గడిచిపోతుంది. రెండు రోజులు ఆ కాగితాన్ని బ్యాగులో పెట్టుకుని తిరిగాను. కానీ వచ్చే ఏడు మళ్లీ ఫోన్ మోగుతుంది, పిల్ల మళ్లీ చనిపోయిన తల్లిగా మాట్లాడాలి. ఉన్నదున్నట్టు రాశాను.

సార్ రెండుసార్లు చదివారు. "ఫాల్స్ డిక్లరేషన్ ఇది. రూల్ ప్రకారం రిజెక్ట్ చేయాలె గదమ్మా."

"సార్, నిజం రాద్దామంటే మన ఫారంల జాగ లేదు."

"అందుకని దొంగ సంతకం పెడతరా?"

"పదమూడేండ్ల పిల్ల సార్. మనం ముందే ఇంటికి పోయి చూస్తే పెట్టేది కాదు."

ఆయన ఫారం తీసి సంతకాల వరస చూశారు. చివరికి, తల్లి మరణ ధ్రువపత్రం, గార్డియన్‌గా ఒక పెద్దమనిషి సంతకం తెస్తే కమిటీ ముందు పెడతానన్నారు. గార్డియన్ అంటే పిల్ల బాధ్యత తీసుకునే మనిషి. గ్రామపంచాయతీలో స్వరూప చావును ఎవరూ నమోదు చేయించలేదు. జరీనా సాక్ష్యం చెప్పింది, ఆస్పత్రి కాగితాలు వెతికి ఇచ్చింది. నాలుగుసార్లు తిరిగితే పత్రం వచ్చింది. ఇక మిగిలింది రాజేశం.

సిరిసిల్లలో అతని సాంచాల షెడ్డు వెతకడం నాకు కష్టం కాలేదు, నేను పుట్టి పెరిగిన వాడకు రెండు వీధుల అవతలే. మరమగ్గాల మోతలో అరిచి మాట్లాడుకోవాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లు దాటిన మనిషి, అప్పుడే తలలో తెల్ల వెంట్రుకలు.

"నేను సంతకం వెట్ట మేడం" అన్నాడు. "వెడితే బడి నడుస్తది. బడి నడిస్తే పిల్ల ఆడ ఒక్కతే ఉంటది. ఆడివిల్లను ముసల్దాని మీద ఇడిసిపెడితే రేపు ఏమన్నయితే నన్నంటరు."

తప్పు మాట కాదు. "ఒక్కసారి వచ్చి చూడు. చూసినంక నీ ఇష్టం" అన్నాను. గొంతు సంగతి చెప్పలేదు. చెప్పకపోవడం తప్పేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. అక్క దినాల తర్వాత అతను ఆ గడప తొక్కలేదని నాకు అప్పటికి తెలియదు.

ఉగాది తర్వాతి ఆదివారం వచ్చాడు. నేను ఊరి బస్టాండ్‌లో కలిసి ఇద్దరం నడిచి వెళ్లాం. ఇంటి ముందు చెప్పులు విడుస్తుండగా లోపల గొంతు మొదలైంది.

"మందు మింగు అవ్వా. అటు ఉమ్మకు. నేను చూస్తనే ఉన్న."

రాజేశం ఒక కాలు చెప్పులో, ఒకటి బయట పెట్టి అలాగే నిలబడిపోయాడు. తలుపు వైపు అడుగు వేయలేదు, వెనక్కీ వేయలేదు. లోపల నర్సవ్వకు చెప్పుల చప్పుడు వినిపించినట్టుంది.

"మా రాజేశం నడకనే అది. తమ్ముడచ్చిండు స్వరూపా, కాళ్లకు నీళ్లియ్యి."

అఖిల చెంబుతో గడపలోకి వచ్చింది. మామను చూసి ఆగిపోయింది. వెనక నుంచి ముసలామె చెవులు రిక్కించి వింటోంది. పిల్ల ఏం చేయాలో తెలియక ఒక్క క్షణం నావైపు, ఒక్క క్షణం అతనివైపు చూసింది. తర్వాత గొంతు సవరించుకుని,

"ఎప్పుడు బయలెల్లినవ్ తమ్మీ? ఎండల వడి అచ్చినవ్" అంది.

రాజేశం గడప మీదే కూలబడ్డాడు. చేతుల్లో ముఖం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా భుజాలు కదిలేలా ఏడ్చాడు. లోపల నర్సవ్వ, "ఏందే, పలకడేంది?" అంటూనే ఉంది. చాలాసేపటికి అతను ముఖం ఎత్తి, లోపలికి వినబడేలా అన్నాడు.

"ఇప్పుడే అచ్చిన అక్కా."

ఆ రోజు అతను అక్కడే తిన్నాడు. సాయంత్రం బస్సుకు ముందు గార్డియన్ అన్న చోట సంతకం పెట్టాడు. గోడకు తిప్పి ఉన్న ఫోటోను ముందుకు తిప్పబోతే అఖిల వద్దంది. మళ్లీ అలాగే వదిలేశాడు. ఆ తర్వాత రెండు వారాలకొకసారి వచ్చేవాడని, నెలలో నాలుగు రోజులు భార్యను కూడా ఇక్కడ ఉంచేవాడని జరీనా చెప్పింది.

కమిటీ దరఖాస్తును ఒప్పుకుంది. అంతకుముందు మేం ఫీజులో సగమే కట్టేవాళ్లం. తల్లి లేని, తండ్రి జాడ తెలియని పిల్లలకు పూర్తి ఫీజు కట్టాలన్న నిబంధన మా దగ్గర మొదటి నుంచీ ఉంది. నిజం చెప్పి ఉంటే అఖిలకు రెట్టింపు సాయం అందేది. ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్లే లేరు. ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఆ నిబంధనను తొమ్మిదేళ్లలో నేను కూడా ఎవరికీ చదివి వినిపించలేదు.

మరుసటి వానాకాలంలో నర్సవ్వ నిద్రలోనే పోయింది. అఖిల పదో తరగతి పూర్తిచేసి ఇప్పుడు జగిత్యాలలో ఇంటర్ చదువుతోంది, హాస్టల్‌లో ఉంటుంది. అప్పుడప్పుడు మా ఆఫీసుకు వస్తుంది. కిందటి నెల వచ్చినప్పుడు, వెళ్లడానికి లేచి మళ్లీ కూర్చుంది.

"మేడం, నాకిప్పుడు ఆ గొంతు వస్తలేదు."

"ఏ గొంతు?" అన్నాను, తెలిసే.

"అమ్మది. అమ్మమ్మ పోయిన తెల్లారి నుంచి వస్తలేదు. హాస్టల్ల బాత్రూంల నిలవడి ఎంత చేసినా నా గొంతే వస్తుంది. ఎట్లుంటదో యాదికున్నది, నోటికి వస్తలేదు. మీరు గప్పుడు ఫోన్ చేసినయి ఏమన్న రికార్డ్ అయినయా మేడం?"

లేదని చెప్పాను. మేం రికార్డ్ చేయం. తల ఊపి, బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను పని చేయలేకపోయాను.

ఈ కేసు తర్వాత మా ఫారం మారింది. తల్లి, తండ్రి సంతకాల కింద 'ఇద్దరూ లేకపోతే' అన్న వరస చేరింది. పూర్తి ఫీజు నిబంధన ముందు పేజీకి వచ్చింది. నేను నేర్చుకున్నది అంతకంటే చిన్న విషయం. మా కాగితంలో తన గురించి నిజం చెప్పడానికి చోటు దొరకని పిల్ల, చోటున్న మనిషిగా మారిపోయింది. ఆ తప్పు పిల్లది కాదు. ఇప్పుడు ఫోన్ చేస్తే 'మీరు తల్లేనా' అని అడగను. ఇంట్లో ఎవరెవరున్నారు, పొద్దున ఎవరు వండారు, ఎవరికి ఎవరు తినిపించారు అని అడుగుతాను. అవతలి మనిషి తడబడినా సరే, తడబడకుండా చెప్పినా సరే, వచ్చే ఆదివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్తాను.